దిగాను, కాఫీ పెట్టు

ఆర్బోర్గ్, మానిటోబా
5 అక్టోబర్ 1991

రాగ్నత్తకి,

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మీ లూన్ నారోస్ ఊళ్లో ఉన్న ఒక్క ఫోనూ కొట్లో ఉంటుంది. ఇక్కడ నేను తుమ్మితే అక్కడ పిండి కొనేవాళ్లంతా "జలుబా?" అని అడుగుతారు. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, పెద్ద విమానాల కోర్సులో నాకు సీటు ఇస్తామన్నారు. రెండేళ్లు. అది పూర్తిచేస్తే విమాన సంస్థల్లో పైలట్ ఉద్యోగానికి పనికొస్తాను. జనవరి పదిలోగా సంతకం పెట్టాలి. మా శిక్షకుడు పెల్టియే గారు "ఇంకా ఆలోచన దేనికి?" అంటున్నారు. అమ్మకి చెప్పినప్పుడు ఆవిడ అంట్లు తోముతోంది. ఒక్క గిన్నెనే పావుగంట తోమింది.

నాన్న పోయేనాటికి నాకు ఆరేళ్లు. ఆయన కోటు వాసన తప్ప నాకేమీ గుర్తులేదు, చేపలూ పెట్రోలూ కలిసిన వాసన. నాకు ఎగరాలని ఉందో, ఆయన్ని వెతుక్కోవాలని ఉందో నాకే తెలియడం లేదు. నువ్వు పాతికేళ్లుగా ఆ రేడియో గదిలో కూర్చుని పైలట్ల గొంతులు వింటున్నావు. గొంతు వినగానే వీడు పనికొస్తాడు, వీడు రాడు అని తేల్చేస్తావట, మీ రన్‌వే మీద మంచు తీసే అంబ్రోజ్ చెప్పేవాడు. నా సంగతి చెప్పు అత్తా. నేను పనికొస్తానా?

మొన్న గురువారం ఒంటరిగా మీ ఊరి దాకా ఎగిరి, దిగకుండానే వెనక్కి తిరిగాను. చేయి ఊపాను, చూశావా? వచ్చేటప్పుడు సరస్సు మీద పొగమంచు కమ్మేసింది. అద్దం బయట అంతా పాలే. మీ రేడియోని పిలిస్తే మీ కొత్త మనిషి పలికాడు. అప్పుడే నిద్రలేచినట్టు నిదానంగా, "ఎనిమిది వందల అడుగులకి దిగమ్మా. కింద తేటగా ఉంది" అన్నాడు. పన్నెండు వందలకి దిగినా పాలే. 'నీ కంటికి కనబడనిది ఎవరు చెప్పినా నమ్మకు' అని పెల్టియే గారి సూత్రం. మళ్లీ పైకెక్కేశాను. ఆ మనిషిని కాస్త కిటికీలోంచి చూసి మాట్లాడమను. సరదా మనిషి మాత్రం. చివర్లో "దిగాను, కాఫీ పెట్టు" అన్నాడు. ఆయన దిగడమేమిటి, నేను కాఫీ పెట్టడమేమిటి!

అన్నట్టు ఇక్కడి పైలట్లు నిన్ను 'డబ్బా రాగ్నా' అంటున్నారు. దిగామని చెప్పిన ప్రతివాణ్నీ "ఇవాళ నీ తిండి డబ్బాలో ఏముంది?" అని అడిగి, జవాబు విన్నాకే వాడి ప్రయాణం కాగితం మూస్తావట. అంత ఆకలా?

నీ మేనకోడలు
డీసా

* * *

లూన్ నారోస్
11 అక్టోబర్ 1991

డీసా పిల్లకి,

నీ ఉత్తరం మంగళవారం తపాలా విమానంలో వచ్చింది. మూడుసార్లు చదివాను. జవాబు ఒక్క మాటలో చెబుతున్నాను. చేరొద్దు.

ఆ ఉద్యోగంలో ఏముందని? టై కట్టుకుని బస్సు నడపడం. వెనక నూట ఎనభై మంది, అందులో సగం మంది వాంతులు. మనవాళ్లు మూడు తరాలు ఈ సరస్సులో చేపలు పట్టి బతికారు, ఎవరూ ఆకలితో చావలేదు. నర్సు చదువు చదువుకో. లేదా పెళ్లి చేసుకుని మొగుణ్ని సాధించు. మీ అమ్మకి ఆ పని బాగా వచ్చు, నేర్పుతుంది.

ఇకపోతే ఆ గొంతు. ఇక్కడ కొత్త మనిషీ లేడు, పాత మనిషీ లేడు. రేడియో దగ్గర నేనొక్కదాన్నే. నువ్వు ఎగిరిన ఆ గురువారం మధ్యాహ్నం జెనరేటర్ చెడిపోయింది. సాయంత్రం దాకా మా రేడియో మూగది. ఏ చేపల శిబిరం వాడో వేళాకోళం ఆడి ఉంటాడు. కానీ ఒకటి తెలుసుకో. మా ఎదుటి దీవిలో రాతికొండ ఎత్తు ఎనిమిది వందల అరవై అడుగులు.

ఆ కాఫీ మాట నీకు ఎవరు చెప్పారు? మీ అమ్మా? నిజం రాయి.

రాగ్న

* * *

ఆర్బోర్గ్
20 అక్టోబర్ 1991

అత్తా,

అమ్మకీ నీకూ పద్నాలుగేళ్లుగా మాటల్లేవు. నామీదికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. ఆవిడ గిన్నె తోముతుంది, నువ్వు వెక్కిరిస్తావు. నేను అడిగింది నా పనితనం గురించి. టై గురించి కాదు.

అమ్మ నాకేమీ చెప్పలేదు. నాన్న పేరెత్తితేనే గదిలోంచి వెళ్లిపోతుంది. "రేడియోలో పొరపాటు జరిగింది" అని ఒకసారి అంది, అంతే. కాఫీ మాట నేను విన్నది ఆ రేడియోలోనే. అందులో అంత కంగారు పడాల్సిందేముంది?

నాకు తోచింది చెప్పనా? పాతికేళ్లు నేలమీద కూర్చుని ఊళ్లోవాళ్లు ఎగరడం విన్నావు. ఇంట్లో పిల్ల ఎగురుతానంటే నీకు సహించడం లేదు.

కోపంగా ఉంది. అయినా ఉన్ని చేతితొడుగులు పంపిస్తున్నాను. అక్కడ మంచు పడి ఉంటుంది.

డీసా

* * *

లూన్ నారోస్
26 అక్టోబర్ 1991

డీసా,

తొడుగులు సరిపోయాయి. ఎడమది కాస్త బిగుతు.

నువ్వు అన్నదానికి నాకు కోపం రాలేదు. వచ్చింది, కానీ పోయింది. ఒక్క పని చెయ్యి. ఊళ్లో మంచి చెవుల డాక్టరు ఎవరైనా ఉంటే చూపించుకో. చెవులు బాగున్నాయంటే తల డాక్టరుకి చూపించుకో. ఎందుకని అడక్కు. ఆ గొంతు సంగతి ఇంకెవరితోనూ అనకు. అన్నావా?

ఎండు ప్రూన్ పళ్ల కేకు పంపుతున్నాను, ఏడు పొరలది. నీ స్నేహితులకి పెట్టకు, వాళ్లకి దాని విలువ తెలియదు.

రాగ్న

* * *

ఆర్బోర్గ్
3 నవంబర్ 1991

అత్తా,

నాకు పిచ్చి అంటున్నావన్నమాట. సూటిగా అనొచ్చుగా, కేకులో చుట్టి పంపడమెందుకు?

మంగళవారం మళ్లీ వినిపించింది. ఈసారి పెల్టియే గారు పక్కనే ఉన్నారు. సరస్సు మధ్యలో ఉన్నాం, పల్చగా మంచు. అదే గొంతు. "ఎనిమిది వందలకి దిగమ్మా." నేను ఆయన వైపు చూశాను. ఆయన చూయింగ్ గమ్ నములుతున్నారు. "ఎవరో పిలుస్తున్నారు కదండీ?" అన్నాను. "గరగర తప్ప ఏముంది? నీకేమైనా వినబడిందా?" అన్నారు. లేదన్నాను. ఆ తర్వాత, "దిగాను, కాఫీ పెట్టు." ఆయనకీ నాకూ చెవుల మీద ఉన్నది ఒకే రేడియో అత్తా.

కోర్సుకి డాక్టరు పరీక్ష ఉంది. ఆ పత్రంలో ఆరో ప్రశ్న, 'ఇతరులకు వినబడని గొంతులు మీకెప్పుడైనా వినిపించాయా?' అవును, కాదు అని రెండు గడులు. అవునంటే ఇక పైలట్ ఉద్యోగం మాట మరిచిపోవచ్చు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నీకు రాసి తప్పు చేశాను. నువ్వు ఆ డాక్టరుకి నా ఉత్తరం పంపించేస్తావేమోనని భయంగా ఉంది. పంపకు. బతిమాలుతున్నాను.

డీసా

* * *

లూన్ నారోస్
10 నవంబర్ 1991

నా తల్లికి,

నీ మీద ఫిర్యాదు చేస్తాననుకున్నావా? అలా అనుకునేలా రాసిన నన్ను అనాలి. డాక్టరుకి నేనేమీ పంపను. పంపాల్సి వస్తే ముందు నా గురించి పంపాలి. ఇది కూర్చుని చదువు.

1977 అక్టోబర్ 14. మీ నాన్న నీళ్లమీద దిగే చిన్న విమానంలో ఉత్తరాన చేపల శిబిరానికి వలలు తీసుకుని బయల్దేరాడు. దిగాక రేడియోలో చెప్పాలి, అప్పుడు నేను ప్రయాణం కాగితం మూయాలి. వేళ దాటి గంటయినా మాట రాకపోతే వెతికేవాళ్లని లేపాలి. ఇదంతా నీకు తెలిసిందే. కానీ మీ నాన్నకీ, అదే మా స్వేన్‌కీ, నాకూ ఒక అలవాటు ఉండేది. వాడు వట్టి 'దిగాను' అనడు. "దిగాను, కాఫీ పెట్టు" అంటాడు, నూట యాభై మైళ్ల అవతల దిగి! నేనూ నిజంగానే కెటిల్ పొయ్యి మీద పెట్టేదాన్ని. అక్కడ వాడు తాగుతాడు, ఇక్కడ నేను తాగుతాను. మా అమ్మ పోయాక పొద్దున్నే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తాగిన అలవాటు అది. వేరే ఊళ్లయినా వదల్లేదు.

ఆ రోజు మంచు. మూడూ పదికి గొంతు వచ్చింది. మా స్వేన్ గొంతే. "దిగాను, కాఫీ పెట్టు." సరే స్వేన్ అన్నాను. కాగితం మూశాను. కెటిల్ పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం శిబిరం వాళ్లు రేడియోలో అడిగారు, వలలు ఎప్పుడు పంపుతున్నారని.

విమానం మరుసటి మే నెలలో దొరికింది, శిబిరానికి నలభై మైళ్లు ఇవతల, నీళ్లలో. అందులో గడియారం రెండుంపావు దగ్గర ఆగిపోయి ఉంది. రేడియో అప్పుడే మునిగిపోయింది. ఇక రాయబోయేది నీకు చెప్పనని మీ అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెడుతున్నాను. ఒడ్డున నెగడు వేసిన చోటు ఉంది. బూట్లు ఆరబెట్టుకోవడానికి పాతిన రెండు కర్రలు ఉన్నాయి. మీ నాన్న విమానంలోంచి బయటపడ్డాడు డీసా. కాల్చిన మొద్దులు చూసి అంబ్రోజ్ చెప్పాడు, రెండు రాత్రులు ఉన్నాడని. శుక్రవారం సాయంత్రమే వెతకడానికి బయల్దేరి ఉంటే బతికేవాడు. నేను కాగితం మూసినందుకు ఆ పూట ఎవరూ బయల్దేరలేదు, మర్నాటి నుంచి తుఫానుకి విమానాలు ఎగరలేదు.

ఇప్పుడు చెప్పు. మూడూ పదికి వాడు తడిబట్టలతో పుల్లలు ఏరుకుంటున్నాడు. బతికే ఉన్నాడు. మరి నాతో మాట్లాడింది ఎవరు?

విచారణలో ఆ రోజు రేడియో మాటల టేపు పెట్టి వినిపించారు. అంతా గరగర. ఆ గరగర మధ్య నా గొంతు ఒక్కటే, "సరే స్వేన్." వేరే పైలట్ మాట పరధ్యానంలో పొరబడ్డానని రాసిచ్చాను. పిచ్చిదాన్ననిపించుకోవడం కంటే పరధ్యానం మనిషిననిపించుకోవడం నయమనుకున్నాను. ఈ అడవికి ఇంకెవరూ రారు కాబట్టి ఉద్యోగం ఉంచారు. మీ అమ్మ మాత్రం ఆ రోజు నుంచి నా మొహం చూడలేదు. ఆవిడ తప్పేమీ లేదు.

డబ్బా ప్రశ్న అప్పట్నుంచే మొదలైంది. ఏటా అక్టోబరులో మంచు పట్టిన రోజు ఆ గొంతు వస్తుంది. "డబ్బాలో ఏముంది స్వేన్?" అని అడుగుతాను. జవాబు రాదు. పద్నాలుగేళ్లలో ఒక్కసారీ రాలేదు. దానికి డబ్బా లేదు.

నాకొక్కదానికే వినబడినన్నాళ్లూ నా బుర్రలో జబ్బు అని సర్దుకున్నాను. నీకూ వినబడిందంటే రెండే దారులు. ఒకటి, మన రక్తంలోనే జబ్బు ఉంది. అలాగైతే నువ్వు అంతమందిని వెనక కూర్చోబెట్టుకుని ఎగరకూడదు. రెండోది, అది జబ్బు కాదు. నాకు ఈ రెండోదంటేనే ఎక్కువ భయం. చేరొద్దని అన్నది అందుకు.

మీ అత్త
రాగ్న

* * *

ఆర్బోర్గ్
2 డిసెంబర్ 1991

అత్తా,

మూడు వారాలు రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో.

నాన్న ఆ నెగడు దగ్గర కూర్చుని ఏమనుకుని ఉంటాడో అదే తిరుగుతోంది నా బుర్రలో. 'రాగ్న ఉంది. గంట దాటగానే అందర్నీ లేపుతుంది' అని ధీమాగా ఉండి ఉంటాడు. రెండు రాత్రులు ఆకాశం వైపు చూస్తూ ఉండి ఉంటాడు.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. ఉత్తరాల్లో తేలే సంగతి కాదు ఇది. ఎదురుగా కూర్చోవాలి. 18వ తేదీ, బుధవారం, నాలుగు సీట్ల విమానం నాకు ఇస్తామన్నారు. ఒంటరిగా వస్తాను. మూడు గంటల ప్రాంతంలో దిగుతాను. అంబ్రోజ్‌కి చెప్పి రన్‌వే మీద మంచు తీయించు. కోర్సులో చేరడమా మానడమా, నీతో మాట్లాడాకే తేల్చుకుంటాను.

కాఫీ మాట నేను మాత్రం రేడియోలో ఎప్పుడూ అనను. అది గుర్తుపెట్టుకో.

డీసా

* * *

హెరాన్ పాయింట్
18 డిసెంబర్ 1991, సాయంత్రం

అత్తా,

నేను క్షేమం. మీకు దగ్గరి రన్‌వే హెరాన్ పాయింట్‌లో దిగాను. ఇక్కడి నుంచి మీ కొట్టుకి ఫోన్ కలవడం లేదు, గాలికి తీగలు తెగిపోయాయట. ఈ ఉత్తరం రేపటి తపాలా విమానంలో వేస్తాను.

రెండున్నరకి మంచు ధూళి లేచింది. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. నీ రేడియోని పిలిచాను. నువ్వు పలికావు. స్పష్టంగా నీ గొంతే. "రా డీసా. దారి శుభ్రంగా ఉంది. దిగు." ప్రాణం లేచివచ్చింది. దిగడం మొదలుపెట్టాను. మళ్లీ అన్నావు, "రా డీసా. దారి శుభ్రంగా ఉంది. దిగు."

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఎందుకో చెప్పనా? నువ్వు నన్ను తిట్టకుండా రెండు మాటలు వరసగా ఎప్పుడూ అనలేదు. "వచ్చావా, ఆలస్యంగా తగలడ్డావే" అనాలి నువ్వు. ఆ గొంతులో మరీ ప్రేమ ఎక్కువగా ఉంది.

అడిగాను. "అత్తా, నువ్వు కాఫీ ఎలా తాగుతావు?" చక్కెర గడ్డ ముందుపళ్ల మధ్య కరిచిపెట్టుకుని తాగుతావని నాకు తెలుసు. చెవుల్లో దూది పెట్టినట్టు అంతా నిశ్శబ్దం. తర్వాత, "రా డీసా. దారి శుభ్రంగా ఉంది. దిగు." అదే సాగదీత, అదే ఊపిరి. నేను విమానం ముక్కు పైకెత్తి వెనక్కి తిరిగేశాను. గడియారం చూశాను. మూడూ పది.

ఒకవేళ నిజంగా నువ్వే అయ్యుంటే, నీ గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినందుకు క్షమించు. నువ్వు కాదని ఒక్క మాట రాయి. లేదా నువ్వేనని రాయి, అప్పుడు నేను డాక్టరు దగ్గరికి వెళతాను.

డీసా

* * *

లూన్ నారోస్
18 డిసెంబర్ 1991, సాయంత్రం

ఒసేయ్ పిల్లా,

బతికే ఉన్నావు కదూ? హెరాన్ పాయింట్‌లో దిగావని వెతికేవాళ్లు నాలుగున్నరకి రేడియోలో చెప్పారు.

అంబ్రోజ్ ట్రాక్టరు నిన్న రాత్రి చచ్చింది. రన్‌వే మీద నడుము లోతు మంచు. దిగిన విమానం దిగినట్టే బోర్లా పడుతుంది. ఆ మాట చెప్పడానికి పన్నెండింటి నుంచి చెవులకి రేడియో తగిలించుకుని ఐదు నిమిషాలకోసారి నిన్ను పిలిచాను. "రావద్దు డీసా, రావద్దు." నువ్వు పలకలేదు. ఒక్కసారి కూడా పలకలేదు.

మూడూ పదికి నీ గొంతు వచ్చింది. "దిగాను అత్తా, కాఫీ పెట్టు."

కిటికీలోంచి చూశాను. మంచు మీద గీత కూడా లేదు. అయినా ఆ గొంతు వింటే దిగావనే అనిపించింది, దేవుడా! చేయి కాగితం మీదికి పోయింది. డబ్బాలో ఏముందని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. "దిగాను అత్తా, కాఫీ పెట్టు." ఆ మాట రేడియోలో ఎప్పుడూ అననని నువ్వు రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది.

మూయలేదు. గంట ఆగమని నియమం. ఆగలేదు. అప్పటికప్పుడే అందర్నీ లేపేశాను. రెండు విమానాలు బయల్దేరాయి. తర్వాత ఎన్ని అక్షింతలు వేస్తారో వేసుకోనీ.

కెటిల్ పొయ్యి మీద పెట్టలేదు. ఇప్పుడు పెడతాను.

రాగ్న

* * *

ఆర్బోర్గ్
9 జనవరి 1992

ప్రియమైన అత్తకి,

మన రెండు ఉత్తరాలూ దారిలో ఎదురుపడ్డాయి. నీది నాలుగుసార్లు చదివి అమ్మ చేతికిచ్చాను. ఆవిడ నిలబడే చదివింది. చదివి, "రాగ్న వెంటనే లేపిందా?" అని అడిగింది. అవునన్నాను. కూర్చుని ఏడ్చింది. నీకు రాస్తుందో లేదో తెలియదు, నీ చిరునామా మాత్రం అడిగింది.

ఇవాళ సంతకం పెట్టాను. చేరుతున్నాను.

ఎగరాలని ఉందో, నాన్నని వెతకాలని ఉందో తెలియదని మొదట్లో రాశాను కదా. ఆ బుధవారం ముక్కు పైకెత్తినప్పుడు నాకు నాన్న గుర్తు రాలేదు. ఎత్తు చూపే ముల్లు గుర్తుంది. పెట్రోలు ఎంత మిగిలిందో గుర్తుంది. హెరాన్ పాయింట్ ఎటు ఉందో గుర్తుంది. ఇది నా పని అత్తా. ఆయనది కాదు, నాదే.

ఇక ఆరో ప్రశ్న. నా పక్కన కూర్చున్నవాడు, "దానికి 'కాదు' తప్ప ఇంకోటి రాసిన పైలట్ ఈ దేశంలో ఉండడు" అన్నాడు. నేను 'అవును' రాశాను. మూడుసార్లు అని రాశాను, తేదీలు రాశాను. పిచ్చిదాన్నంటారని నువ్వూ, ఉద్యోగం పోతుందని నేనూ ఇలా దాచుకుంటూ పోతే వెనక కూర్చున్నవాళ్ల గతేమిటి? ముందున్న మనిషికి ఏం వినబడుతోందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. డాక్టరు కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. రెండు నెలలు పరీక్షలట. తేలేదాకా కోర్సులో నేలమీది పాఠాలు మాత్రమే. వద్దంటే మానేస్తాను. ఏడుస్తాను గానీ మానేస్తాను.

ఆ రోజు నువ్వు మూయలేదు. నిన్ను క్షమించాను. ఇంకా ముందే అనాల్సింది.

డీసా

* * *

లూన్ నారోస్
20 మార్చి 1992

డీసాకి,

నీ పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయని, ఆరు నెలలకోసారి చూపించుకోమని డాక్టరు సంతకం పెట్టాడని మీ అమ్మ రాసింది. అవును, మీ అమ్మే. నాలుగు వాక్యాలు. అందులో ఒకటి వాతావరణం గురించి.

నువ్వు 'అవును' రాశాక నాకు ఇక్కడ సిగ్గేసింది. ఇరవై ఏళ్ల పిల్ల రాసిందే, యాభై ఎనిమిదేళ్ల ముసలిది రాయలేదే అని. విచారణ కాగితం తిరగరాసి పై ఆఫీసుకి పంపాను. పరధ్యానం కాదు, గొంతు విన్నాను, ఇప్పటికీ వింటున్నాను అని. వాళ్లు చాలా మర్యాదగా రిటైర్ చేశారు. రేడియో పెట్టె విప్పుకుని తీసుకెళ్లారు. గదికి తాళం వేశారు. ఇకపై ఇక్కడికొచ్చే పైలట్లు హెరాన్ పాయింట్‌తో మాట్లాడుకుంటారు.

వచ్చే నెల సెల్కర్క్‌లో చిన్న ఇల్లు తీసుకుంటున్నాను. చెవులు ఖాళీగా ఉన్నాయి. బాగానే ఉంది.

రాగ్న

* * *

విన్నిపెగ్
13 అక్టోబర్ 1995

అత్తా,

యూనిఫాం ఫోటో చూసి "టై వంకరగా ఉంది" అని రాశావు. అంతకంటే ఏమంటావులే! ముప్పై సీట్ల విమానం, కెప్టెన్ పక్కన కో-పైలట్‌గా కుడివైపు కుర్చీ. ఉద్యోగంలో చేరి ఇవాళ్టికి పదకొండు రోజులు. దిగేటప్పుడు ప్రయాణికులు నాకు థాంక్స్ చెప్పి వెళుతున్నారు, ఇంకా అలవాటు కాలేదు.

నిన్న, గురువారం, మొదటిసారి నారోస్ మీదుగా వెళ్లాం. కింద పొగమంచు, పైన ఎండ. రెండో రేడియోని నీ పాత నంబరుకి తిప్పాను. ఎందుకంటే ఏం చెప్పను? పాత ఇంటి ముందు నుంచి వెళుతూ తల తిప్పి చూస్తాం కదా, అలా. అక్కడ ఎవరూ ఉండరని తెలుసు.

గొంతు వచ్చింది. నీదే. ఈసారి ప్రేమగా లేదు. విసుక్కుంటూ, అచ్చం నీలాగే.

"ఏమే డీసా, ఇవాళ నీ డబ్బాలో ఏముంది?"

ఇన్నేళ్లూ దానికి జవాబు రాదనే మన ధైర్యం. ఇప్పుడు అది ప్రశ్న వేస్తోంది. నోరు తెరిచేశాను అత్తా. హెర్రింగ్ చేప బ్రెడ్డు అనబోయాను, అంత సహజంగా అడిగింది. మీట మీద వేలు కూడా పెట్టాను. అంతలో నీ గదికి తాళం వేశారన్నది గుర్తొచ్చింది. కెప్టెన్ ఓల్సన్ గారిని అడిగాను, ఏమైనా విన్నారా అని. "గరగర" అన్నారు. ఆయనకి అంతా చెప్పాను. నవ్వలేదు. తనే చేయి చాచి ఆ రేడియో ఆపేశారు. దిగాక డాక్టరుకీ రాసిచ్చాను.

ఈ ఉత్తరం అందగానే ఒక్క మాట రాయి. గురువారం మూడూ పదికి నువ్వెక్కడ ఉన్నావు?

నేను జవాబు చెప్పలేదు.

డీసా

* * *

సెల్కర్క్
17 అక్టోబర్ 1995

డీసాకి,

గురువారం మూడూ పదికి నేను ఇక్కడే ఉన్నాను. మీ అమ్మ వచ్చింది. ఇద్దరం పేకాడుకుంటున్నాం, ఆవిడ మోసం చేస్తోంది. ఈ ఇంట్లో రేడియో లేదు. పాటలు పాడేది కూడా లేదు. అడిగింది నేను కాదు.

జవాబు చెప్పలేదు, మంచి పని చేశావు. చెప్పి ఉంటే ఆ హెర్రింగ్ చేప మాట రేపు ఇంకెవరికో నీ గొంతుతో వినబడేది. ఏ రేడియో గదిలోనో నాలాంటిది ఒకతి నమ్మి కాగితం మూసేది.

నేను పనికొస్తానా అని నాలుగేళ్ల కిందట అడిగావు. చేరొద్దన్నాను గానీ ఆ ప్రశ్నకి జవాబు ఇవ్వలేదు. ఇప్పుడిస్తున్నాను. పనికొస్తావు. నేను విన్నవాళ్లందరిలోనూ నువ్వే ఎక్కువ పనికొస్తావు. మీ నాన్న కంటే కూడా. ఇది వాడు విన్నా ఒప్పుకుంటాడు.

డబ్బా ప్రశ్న ఇవాళ్టితో మానేద్దాం. కొత్త ప్రశ్న ఒకటి వెనకవైపు రాశాను. దాన్ని పైకి చదవకు. ఓల్సన్‌తో అనకు, నిద్రలో కలవరించకు. చదివి పొయ్యిలో పడెయ్. జవాబు కూడా కాగితం మీదే రాసి పంపు, నీ చేతిరాతతో, తపాలాలో.

అది వచ్చేదాకా నా లెక్కలో నువ్వింకా దిగలేదు. కెటిల్ పొయ్యి ఎక్కదు.

మీ అత్త
రాగ్న